నాలుగు సెకన్ల ఖాళీ

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు 'అర్థమయిందా టీచర్'. పిల్లలు ఊరికే పెడతారా పేర్లు! ఇరవై ఆరేళ్ళుగా ఆరో తరగతికీ ఏడో తరగతికీ లెక్కలు చెబుతూ, ప్రతి లెక్క చివరా ఆ ఒక్క మాట అడిగి చేతులు కట్టుకుని నిలబడేది. ముందు బెంచీల వాళ్ళు "అయింది టీచర్" అని గొంతు చించుకున్నా ఆవిడ చూపంతా చివరి బెంచీ మీదే. అక్కడ ఒక్క తల అడ్డంగా ఊగిందా, మళ్ళీ మొదటికే. అందుకే ఏటా సిలబస్ వెనకబడేది, ఏటా హెడ్మాస్టరు చీవాట్లు పెట్టేవాడు. ఆవిడ శ్రద్ధగా విని, గది దాటగానే మరిచిపోయేది. మొండిఘటం.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. సుద్దపొడి పడిందేమోలే అని కొన్నాళ్ళు, జలుబేమోలే అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. చివరికి డాక్టరు చల్లగా చెప్పాడు, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. ఎవరికైనా కష్టమే అనుకోండి, కానీ నోరు పెట్టుకుని బతికే మనిషికే రావాలా ఇది?

ఆపరేషన్‌కి పన్నెండు రోజుల గడువుంది. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. బడికి సెలవులు. ఆ సెలవుల్లోనే ప్రతి గదిలో నల్లబల్ల పీకేసి, గోడంత స్క్రీన్ ఒకటి బిగించారు. ఆవిడ తిన్నగా కంప్యూటరు సారు దగ్గరికెళ్ళింది. కుర్రవాడు, మనసున్నవాడు.

"నా గొంతు ఉండగానే ఏడో తరగతి పాఠాలన్నీ రికార్డు చేసేద్దామయ్యా. వచ్చే ఏడు నా పిల్లలు దిక్కులేనివాళ్ళు కాకూడదు."

పాత సామాన్లు పడేసే గదిలో మొదలుపెట్టారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆవిడ భర్త మందపాటి తెరలు కుట్టి తెచ్చాడు. ఆయన దర్జీ, ఇంటి ముందుగదే ఆయన కొట్టు. పదకొండు రోజులు, అరవై రెండు పాఠాలు. గుక్కెడు వేణ్ణీళ్ళు, పది నిమిషాల పాఠం, మళ్ళీ గుక్కెడు వేణ్ణీళ్ళు. చివరి రోజులకి గొంతు తుప్పు పట్టిన తలుపులా కిర్రుమనేది. అయినా ప్రతి లెక్క చివరా "అర్థమయిందా?" అని అడిగి, అలవాటు చొప్పున ఎదురుగా ఎవరో ఉన్నట్టు ఆగేది.

పదకొండో రోజు సాయంత్రం కంప్యూటరు సారు నసిగాడు.

"టీచర్, మీరు అడిగిన ప్రతిచోటా నాలుగు సెకన్లు ఖాళీ వస్తోంది. ఆ తర్వాత మీరేదో ఒకటి అనకపోతే వీడియో పాడైందనుకుంటారు."

"పిల్లలు ఏం చెబుతారో తెలీకుండా నేనేం అంటానయ్యా?"

"ఏదైనా పర్లేదండీ. ఒక్కసారి అనండి చాలు, అన్నిచోట్లా నేనే అతికించేస్తాను."

గొంతు భగ్గుమని మండుతోంది. రాత్రికి ఆసుపత్రిలో చేరాలి. ఇంకెక్కడ వాదిస్తుంది? మైకు దగ్గరికి వంగి, "శభాష్, ముందుకెళ్దాం" అంది. అతను పాపం ఆ ఒక్క మాటని మూడొందల చోట్ల జాగ్రత్తగా అతికించాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని ఆవిడకి అప్పుడు తెలీదు.

మూడు నెలల తర్వాత బడికొచ్చింది. మెడ కింద రూపాయి బిళ్ళంత రంధ్రం, ఊపిరంతా అందులోంచే. దాని మీద కప్పుకోవడానికి భర్త పల్చటి నూలు గుడ్డలు కుట్టిచ్చాడు, ఏ రోజు బట్టలకి ఆ రోజు రంగు కలిసేట్టు. "ఇరవయ్యేళ్ళు నన్ను నోరెత్తనిచ్చావా? ఇప్పుడు నా వంతు" అని నవ్వించబోయి, మాట పూర్తికాకుండానే కుట్టుమిషను మీద తల వాల్చి భోరుమన్నాడు.

బడిలో ఆవిడకి మర్యాద బాగానే జరిగింది. పాఠాల్ని యాజమాన్యం మెచ్చుకుని తమ పన్నెండు బళ్ళకీ పంపించిందట. ఇక ఆవిడ పనల్లా రిమోటు నొక్కి పక్కన కుర్చీలో కూర్చోవడమే.

తరగతి చివరి బెంచీలో పుల్లలా సన్నగా ఉండే పిల్ల ఒకతి ఉంది. ఆరో తరగతిలోనే దానికి ఆవిడ ముద్దుగా 'ఇంకోసారి' అని పేరు పెట్టింది. లెక్క ఎన్నిసార్లు చెప్పినా "ఇంకోసారి టీచర్" అనేది మరి. మొద్దు కాదు. ఎందుకో తెలిస్తే తప్ప అడుగు ముందుకు వెయ్యదు, అంతే. అలాంటి పిల్ల తరగతికి ఒక్కతి ఉంటే చాలు, తక్కిన నలభైమందికీ పాఠం వస్తుందనేది టీచరు.

మొదటి రోజు తెర మీద ఆవిడ గొంతు అడిగింది, "అర్థమయిందా?"

"కాలేదు టీచర్" అంది 'ఇంకోసారి', తెరకేసి చూస్తూనే.

"శభాష్, ముందుకెళ్దాం" అంది తెర.

తరగతంతా గొల్లుమంది. ఆ పిల్లా నవ్వింది, కానీ మధ్యలోనే ఆపేసి కుర్చీలో ఉన్న టీచరు వైపు చూసింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. గొంతున్నన్నాళ్ళూ ఏ పిల్లనీ అలా వదిలి వెళ్ళని మనిషి.

మర్నాటి నుంచి ఆవిడ చంకలో పలక పెట్టుకుని వచ్చింది. తెర మీద "అర్థమయిందా?" అనగానే రిమోటు నొక్కి ఆపేసేది. చివరి బెంచీ దగ్గరికెళ్ళి పలక మీద రాసేది, గీసేది, వేళ్ళు మడిచి చూపించేది. భిన్నాల భాగహారం వచ్చినప్పుడు అసలు తిప్పలు మొదలయ్యాయి. మూడుని అరతో భాగిస్తే ఆరు.

"భాగిస్తే తగ్గాలి కదా టీచర్, పెరుగుతుందేంటి?" అంది 'ఇంకోసారి'.

ఆవిడ మర్నాడు మూడు మీటర్ల గుడ్డా, భర్త కత్తెరా తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి, అరమీటరు ముక్కలు కత్తిరించమని సైగ చేసింది. ఆరు ముక్కలు. "ఓర్నీ!" అని అరిచింది పిల్ల. తరగతి మొత్తం లేచొచ్చి ముక్కలు లెక్కపెట్టుకుంది. ఆ రోజు ఆవిడ మనిషిలా ఇంటికెళ్ళింది.

ఈ లోపల హెడ్మాస్టరుకి పై ఆఫీసు నుంచి లెక్క వచ్చింది, ఏ గదిలో వీడియో ఎన్నిసార్లు ఆగిందో. గదిలోకి పిలిపించాడు.

"మీ పాఠాన్ని మీరే ఆపేస్తున్నారేంటమ్మా? మిగతా పదకొండు బళ్ళూ భిన్నాలు దాటేశాయి. ఇక్కడ మీ నోరు మీరే నొక్కుకుంటున్నారు!"

ఆవిడ పలక మీద 'పిల్లలకి అర్థం కాలేదు' అని రాసింది.

"అదేంటమ్మా, తెర మీద మీరే శభాష్ అంటున్నారుగా!"

నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఆవిడ నోరే ఆవిడకి ఎదురు తిరిగి సాక్ష్యం చెబుతోంది. కంప్యూటరు సారు దగ్గరికెళ్ళి 'ఆ మాట కోసెయ్యి నాయనా' అని రాసి చూపించింది. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "నా చేతిలో లేదు టీచర్. ఫైళ్ళన్నీ పై ఆఫీసు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను అతికించకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఆ వారంలోనే 'ఇంకోసారి' అసలైన ప్రశ్న వేసింది. రెండు మీటర్ల గుడ్డలో ముప్పావు మీటరు ముక్కలెన్ని? తనే కత్తిరించి చూసింది. రెండు ముక్కలొచ్చి, అరమీటరు మిగిలింది.

"అర మిగిలితే జవాబు రెండున్నర కావాలిగా టీచర్? పుస్తకంలో రెండు, ఇంకా మూడింట రెండు వంతులు అని ఇచ్చారేంటి?"

ఆవిడకి ఒళ్ళు పులకరించింది. ఇరవై ఆరేళ్ళలో ఈ ప్రశ్న ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. అంతలో గంట కొట్టారు. పలక మీద 'రేపు' అని పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసింది.

సాయంత్రం భర్త మిషను పక్కన చేరింది. ఎరుపు, పసుపు, నీలం, పావు మీటరు చొప్పున మూడు గుడ్డలు. మూడూ కలిపి కుట్టించింది. అదీ ముప్పావు మీటరు ముక్క. మిగిలిన అరమీటరుకి ఎరుపూ పసుపూ రెండే. ఒక ముక్కకి కావలసిన మూడు పావుల్లో రెండున్నాయి, అంటే మూడింట రెండు. పక్కపక్కన పెడితే మాట అక్కర్లేదు, కళ్ళే చెబుతాయి. భర్త ముక్కు మీద వేలేసుకున్నాడు.

"నలభయ్యేళ్ళుగా గుడ్డ కోస్తున్నాను, ఈ కిటుకు నాకిప్పుడే తెలిసిందే!"

ఆవిడ నవ్వింది. నవ్వుకి చప్పుడు లేదు, మెడ గుడ్డ మాత్రం రెపరెపలాడింది.

పొద్దున బడికెళ్ళేసరికి కుర్చీ మీద రిమోటు లేదు. ఇక వీడియోలు హెడ్మాస్టరు గదిలోంచే నడుస్తాయట, ఆగవట. ఆవిడకి లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసే పని. "మీ ఆరోగ్యం కోసమేనమ్మా" అన్నాడు ఆ పెద్దమనిషి. ఆరోగ్యమట!

ఆవిడ గుడ్డ సంచీ పట్టుకుని తొమ్మిది రోజులు ఆ పిల్ల కోసం కాచుకుంది. తిండి వేళ కూడా తరగతిలో ట్యాబులిచ్చి పరీక్షలు పెడుతున్నారు. గంట కొట్టగానే బడి వ్యాను ఎక్కించేస్తున్నారు. పదో రోజు మంచినీళ్ళకని వరండాలోకొచ్చింది 'ఇంకోసారి'. ఆవిడ పరుగున వెళ్ళి, అరుగు మీద రంగుల ముక్కలు పక్కపక్కన పరిచింది.

"ఆ లెక్కా టీచర్? వచ్చేసిందండీ. రెండు, మూడింట రెండు."

ఆవిడ పలక మీద 'ఎందుకు?' అని రాసింది.

పిల్ల ఆ మాట చదివి తల దించుకుంది.

"ఎందుకో అడగరంటండీ పరీక్షలో. తిరగేసి గుణించెయ్యడమేనట. ఆగి అడిగితే వెనకబడిపోతున్నాను టీచర్, అమ్మ తిడుతోంది." ముక్కల్ని చూడకుండానే ముడతలు పోగొట్టి, చక్కగా మడిచి ఆవిడ చేతిలో పెట్టింది. "మంచి గుడ్డ టీచర్, మాసిపోతుంది" అని లోపలికి పరిగెత్తింది.

ఆవిడ వరండాలోనే నిలబడిపోయింది. తరగతిలోంచి ఆవిడ గొంతు, ఆ పదకొండు రోజులూ నిప్పులు మింగి దాచిపెట్టుకున్న గొంతు, స్పష్టంగా వినిపించింది.

"అర్థమయిందా?"

ఒకటి, రెండు. ఆవిడ నోరు తెరిచింది. మెడ గుడ్డ కింద గాలి బుసకొట్టింది తప్ప ఏమీ రాలేదు. మూడు.

"అయింది టీచర్!" చివరి బెంచీలోంచి, అందరికంటే ముందు.

"శభాష్, ముందుకెళ్దాం" అంది ఆవిడ గొంతు.