చీరల కొట్లో మూయని తలుపు

ఈ బెజవాడలో నేను దూరలేని కొట్టు లేదు. కాలేజీలు, ఆసుపత్రులు, రైసు మిల్లులు, కనీసం నలభై చోట్ల కంప్యూటర్లలోకి దూరి, యజమానులకి చెమటలు పట్టించి బయటికొచ్చాను. దొంగతనానికి కాదు లెండి. సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చి, "మా నెట్‌వర్క్‌లో కన్నాలు ఎక్కడున్నాయో మీరే దొంగై చూసి చెప్పండి" అని అడిగితేనే. వన్‌టౌన్‌లో ఒక చీరల హోల్‌సేల్ కొట్లోకైతే, వాళ్లిచ్చిన కాఫీ చల్లారేలోపు దూరాను.

ఇలా మొదలుపెట్టడం నాకు అలవాటు. నలభై కాదు, మూడు. ఆ మూడింట్లో ఒకటి మా బావమరిది మందుల షాపు. కాఫీ చల్లారేలోపు అన్నదీ కోతే, రెండు రోజులు పట్టింది. కోతలు కొయ్యడం ఒక్కటే నా జబ్బయితే ఇది రాయక్కర్లేదు. కానీ ఆ చీరల కొట్టు సంగతి ఏళ్ల తరబడి గొంతులో చేప ముల్లులా ఉంది. ముల్లు దిగాలంటే ఉత్తన్నం ముద్ద మింగమంటారు. ఎన్ని ముద్దలు మింగినా దిగలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. భవానీపురంలో ఇల్లు. ఖాళీగా కూర్చుంటే మా ఆవిడ కూరలు తరగమంటుందని ఈ విద్య నేర్చుకున్నాను. పెద్ద మంత్రమేం కాదు. ముందు స్కానర్ తిప్పుతాం. కొట్లు కట్టేశాక గూర్ఖా ఒక్కో షట్టరూ లాగి చూస్తాడే, అలా నెట్‌వర్క్‌లో ఏ తలుపు మూసుందో, ఏది ఓరగా ఉందో అది చెబుతుంది. తర్వాత పాస్‌వర్డులు. ఆ కొట్లో సర్వర్‌కి అమ్మవారి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఈ ఊళ్లో సగం కంప్యూటర్లకి ఆవిడే కాపలా. రెండు రోజులు నానా తంటాలు పడి చివరికి అది కొట్టాను, తలుపు తెరుచుకుంది.

లోపల కనిపించినవి డిజైన్లు. నేతచీరల అంచులు, కొంగులు, గళ్ల మీద చుక్కలు పెట్టినట్టు ఒక్కో పోగూ లెక్కగా గీసినవి. అవి గీసేది ఉమ. పెడన దగ్గర నేతవాళ్ల అమ్మాయి. వాళ్ల తాత మగ్గం మీద నేసిన పాత అంచుల్ని చూసి కంప్యూటర్లోకి ఎక్కించేది. ఆ కొట్టుకి అవే ప్రాణం. పండక్కి ముందు ఎవరి కంటా పడకుండా దాచుకునేవాళ్లు.

మళ్లీ మళ్లీ లోపలికి రావడానికి సర్వర్లో 'టెస్ట్' అని ఒక యూజర్‌ని పెట్టాను. ఇంట్లో కూర్చుని కూడా రావచ్చని రూటర్లో బయటికి ఒక దారి తెరిచాను. పరీక్ష చేసేవాడు అలా పెట్టుకోవచ్చు, తప్పు కాదు. పని అయ్యాక తీసెయ్యాలి, అంతే. పెళ్లి పందిరి విప్పినవాడు గుంజలు పీకిన గోతులు పూడ్చి మరీ వెళ్తాడు. లేకపోతే ఎవరి కాలో విరుగుతుంది. నేను పూడ్చలేదు. మర్చిపోయాను.

కన్నాలన్నీ మూసేశామని రిపోర్టిచ్చాను. "ఇక ఈగ కూడా దూరదండీ" అన్నాను. ఓనరు గారు శాలువా కప్పారు. ఆ శాలువా ఫోటో మా హాల్లో చాలా కాలం ఉంది.

కొన్ని నెలలకి, దసరా ముందు, వాళ్ల చీరలు ఇంకా మగ్గం దిగకుండానే వాటి నకళ్లు బజార్లోకొచ్చేశాయి. మరమగ్గం మీద నేసినవి, చవక. పిందెల అంచు అదే, కొంగు అదే. ఓనరు గారు ఫోన్ చేశారు. "మీరు వేసిన తాళం కదా మాస్టారూ, మీరే చూడాలి."

వెళ్లాను. సర్వర్‌లోకి ఎవరెప్పుడు వచ్చారో దానంతటదే రాసుకునే లాగ్ ఒకటుంటుంది. తెరిచాను. టెస్ట్. టెస్ట్. మళ్లీ టెస్ట్. నాది కాని చోటి నుంచి, నేను పెట్టిన పేరుతో, నేను పెట్టిన పాస్‌వర్డుతో, నేను తెరిచిన దారిలో ఎవడో వచ్చి డిజైన్లన్నీ మోసుకుపోయాడు.

ఓనరు గారు అవతల బేరంలో ఉన్నారు.  యూజర్‌ని తీసేశాను. దారి మూశాను. లాగ్‌లో ఆ వరసలన్నీ చెరిపేశాను. నెలల కిందట చెయ్యాల్సిన పని ఆ రోజు ఎంత శుభ్రంగా చేశానో!

చెరిపాక ఆ ఫైళ్లు తెరిచినట్టు ఒక్క పేరే మిగిలింది. ఉమ. తెరవక ఏం చేస్తుంది? రోజూ తెరవడమే ఆమె ఉద్యోగం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ స్క్రీన్‌ని ఓనరు గారి వైపు తిప్పాను.

"బయటి నుంచి ఎవరైనా వచ్చారంటారా?" అన్నారాయన.

"ఈగ కూడా దూరలేదండీ. వెళ్తే లోపలి నుంచే వెళ్లాలి."

ఉమని పిలిపించారు. ఆమె ఓనరు గారిని చూడలేదు. నన్నే చూసింది.

"మీరు చెప్పండి మాస్టారూ. నా సిస్టమ్ నుంచే వెళ్లాయా?"

"లాగ్ అలా చెబుతోందమ్మా."

"ఆ పిందెల అంచు మా తాతదండీ. అది నేసీ నేసీ ఆయన కళ్లు పోయాయి. దాన్ని నేను అమ్ముకుంటానా?"

"నేనేం అనలేదమ్మా. లాగ్ చెబుతోంది."

లాగ్ చెబుతోంది! నోరు లేనిదాని నోట్లో నా మాట కుక్కి, నేను చేతులు కడుక్కున్నాను. ఆమె ఏడవలేదు. టిఫిన్ డబ్బా, చున్నీ తీసుకుని మెట్లు దిగిపోయింది. వన్‌టౌన్ బట్టల కొట్లలో మాట ఒక గుమ్మంలో పుడితే సాయంత్రానికి అన్ని గుమ్మాలూ తిరుగుతుంది. డిజైన్లు అమ్ముకున్న పిల్ల అన్నారు. ఆ తర్వాత ఏ కొట్లోనూ ఆమెని గడప తొక్కనివ్వలేదు.

దేనికి భయపడ్డాను? జైలుకా? కాదు. నిజం చెబితే ఏం పోయేది? మూడింట్లో ఒక గిరాకీ. శాలువా ఫోటో. పెళ్లిళ్లలో నా చుట్టూ చేరి నోరెళ్లబెట్టి వినే నలుగురు. వీటి ఖరీదు ఒక ఆడపిల్ల పేరు. పరువు పరువు అంటాం గానీ, నేను కాపాడుకున్నది పరువు కూడా కాదు. నా కోతల్ని కాపాడుకున్నాను.

పోయిన వేసవిలో మైలవరంలో పెళ్లికి వెళ్లి, బస్టాండు దగ్గర ఎండలో నిలబడ్డాను. జిరాక్స్ కొట్లోంచి ఎవరో "మాస్టారూ!" అని కేకేశారు. ఉమే. లోపలికి రమ్మని స్టూలు వేసింది, మంచినీళ్లిచ్చింది. నెరసిన వెంట్రుకలు కనిపించాయి. తాత పోయారట. ఆ గొడవ తర్వాత పిందెల అంచు జోలికి ఆ ఇంట్లో ఎవరూ పోలేదట. ఇవన్నీ మామూలుగానే చెప్పింది, కరెంటు బిల్లు సంగతి చెప్పినట్టు. ఆఖర్న, మీరు పెద్దవారు, ఈ విద్య తెలిసినవారు, మా కొట్టు వైఫై కాస్త చూసిపెట్టండి అని అడిగింది.

చూశాను. గట్టి పాస్‌వర్డు పెట్టిచ్చాను. ఏ దారీ తెరిచి ఉంచలేదు. బస్సెక్కి కూర్చున్నాక, కాస్త రుణం తీరింది అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి.

అప్పుడెందుకు చెప్పలేదు? బస్సొచ్చింది గనకనా? బస్సులు రోజంతా వస్తూనే ఉంటాయి.

ఈ కాగితాలు ఒక ప్రతి ఓనరు గారికి, ఒకటి మైలవరం పంపాలని ఉంది. ఆమె నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమిస్తే మళ్లీ అదొక శాలువా అవుతుంది నాకు. నేను చేశానని నా చేత్తో రాశాను, అంతే. ముల్లు దిగలేదు గానీ కదిలింది.

ఇంతవరకూ రాసి, మధ్యాహ్నం మా ఆవిడకి చదివి వినిపించాను. గోంగూర వలుస్తూ వింది. ఉమ సంగతి ఆమెకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. ఉమ మెట్లు దిగిన చోట ఆమె చేతులు ఆగాయి. అయిపోయాక గోంగూర కాడలు పక్కకి నెట్టింది. తర్వాత అడిగింది.

"మర్చిపోయానని రాశారేంటండీ?"

"మర్చిపోయాను కాబట్టి. వయసు మీద పడి..."

"మర్చిపోతే వారం వారం ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి ఎలా చూపించారు? వచ్చినవాళ్లందరికీ కాఫీలిచ్చింది నేనే కదా. సోఫాలో కూర్చుని ఆ కొట్టువాళ్ల కొత్త చీరలన్నీ చూస్తున్నా చూడండి అంటూ, వచ్చినవాళ్ల ఎదుటే పాస్‌వర్డు కొట్టేవారు. పైకి చదువుకుంటూ మరీ. నాకే నోటికొచ్చేసింది. ఆ వచ్చినవాళ్లలో బట్టల వ్యాపారం వాళ్లు లేరా?"

నేను కాగితాలు మడవబోయాను.

"మీరు మర్చిపోలేదు. గొప్ప చూపించుకోవడానికి ఉంచుకున్నారు. అది రాయండి."