రెండో కమాను కింద చోటు

మొన్న మా ఊళ్ళో కొత్తగా తెరిచిన రైల్వే స్టేషన్ ముందు, అందానికని నిలబెట్టిన పాత బొగ్గింజన్ బొమ్మను ఆనుకుని నిలబడి ఉంటే, ఫోను పైకెత్తి ఫొటో తీసుకుంటున్న ఒక కుర్రాడు నన్ను చూసి, "తాతా, కాస్త పక్కకు జరుగు, పాతదొక్కటే పడాలి" అన్నాడు. జరిగాను. పాతసామానుకు అంత గిరాకీ ఉన్న చోట కూడా నేను చెల్లలేదంటే నా సంగతి మీకు అర్థమైపోయి ఉండాలి. ఆ ఇంజన్‌కైనా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు రంగు వేస్తారు. మా ఆవిడైతే నాకు తలకు రంగు కూడా దండగ అంటుంది.

నేను ఐదో తరగతితో బడికి సెలవు చెప్పినవాణ్ణి. చెప్పానని రాసుకుంటే గొప్పగా ఉంటుంది గాని, నిజానికి బడే నాకు చెప్పింది. చదువు ఆగింది, నోరు మాత్రం ఆగలేదు, ఆ నోటితోనే బతికాను. మా అక్క మొగుడు, అంటే మా బావ, స్టేషన్లో టీ అమ్మేవాడు. మనిషి మహా మెత్తన, టీ అని గట్టిగా అరవడానికి కూడా సిగ్గుపడేవాడు, అందుకని వయసొచ్చాక నన్ను తెచ్చి తన పక్కన పెట్టుకున్నాడు. ఆయన కాచేవాడు, నేను అరిచేవాణ్ణి. నా అరుపులకు దిగిన జనం ఆయన టీ రుచికి మళ్ళీ వచ్చేవారు.

ఊరి పేరు రాయడం లేదు, రాస్తే మళ్ళీ ఎవరో ఒక ఆఫీసరు గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది, ఆ ఓపిక ఇక లేదు. పిడుగురాళ్ళ దాటి మాచర్ల వైపు పోయే లైన్లో, రెంటచింతల ఎండకు ఏమాత్రం తీసిపోని ఎండ కాసే ఊరు అనుకోండి, సరిపోతుంది. తెల్లదొరల కాలంలో కట్టిన మా స్టేషన్ పట్నం వాళ్ళ కంటికి చిన్నదే కావచ్చు గాని, మా పల్నాటి వాళ్ళకు అంత ఎత్తు కప్పున్న కట్టడం చుట్టుపక్కల ఇంకొకటి లేదు. మూరెడు మందం రాతి గోడలు, పైన బెంగుళూరు పెంకు, ప్లాట్‌ఫారం వైపు వరసగా రాతి కమానులు, కింద అరిగి అరిగి నున్నబడిన నాపరాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం ఊళ్ళో నిప్పులు కురుస్తుంటే ఆ రాళ్ళు మాత్రం కుండలో నీళ్ళలాగా చల్లగా ఉండేవి. రైలెక్కే పని లేనివాళ్ళు కూడా భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి, ఆ రాళ్ళ మీద వెల్లకిలా పడుకుని, పొద్దు వాలాక లేచి ఇంటికి పోయేవారు. మా పెదనాన్న ఒకాయన జీవితంలో ఒక్కసారి కూడా రైలెక్కలేదు గాని స్టేషన్లో మాత్రం ఎన్ని ఎండాకాలాలు గడిపాడో. స్టేషన్ మాస్టర్లు మారేవారు, ఎవరూ ఎవరినీ లేపి పంపేవారు కాదు. నీడ మీద అధికారం ఉంటుందని అప్పట్లో ఎవరికీ తోచలేదనుకుంటాను.

ఆ కమానుల్లో రెండోది మా బావది. ఆయన తండ్రి అక్కడే టీ కాచాడు, ఆ తండ్రికి ఏ మాస్టరు ఎప్పుడు కూర్చోమన్నాడో ఎవరికీ తెలియదు. పొద్దున మొదటి గ్లాసు మాస్టరుకు, రెండోది గంట కొట్టే ఆయనకు, మూడోది బేరానికి. అదే మా పట్టా, అదే మా లైసెన్సు.

ఇక మా బావ బేరం తీరు చెప్పాలి, అది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. రైలు మా దగ్గర ఆగేది కాసేపే. టీ ఏమో పొగలు కక్కేది, గాజు గ్లాసుల్లో. జనం ఊదుకుంటూ ఊదుకుంటూ ఉండగానే రైలు కదిలేది. మరొకడైతే కిటికీల వెంట పరుగెత్తి గ్లాసులు లాక్కునేవాడు. మా బావ అట్లా చెయ్యడు. తాగేవాడి చేతిలోంచి గ్లాసు లాక్కోవడం అన్నం ముందునుంచి లేపినట్టే అనేవాడు. గ్లాసులు పెట్టుకునే ఇనప బుట్ట పట్టుకుని తాపీగా ఆ రైలే ఎక్కేవాడు, పెట్టె పెట్టెకూ తిరిగి నిదానంగా గ్లాసులన్నీ ఏరుకుని, పక్క స్టేషన్లో దిగి, అక్కడ ఎదురయ్యే మాచర్ల బండి ఎక్కి మా దగ్గర దిగేవాడు. రోజూ అంతే. అది ఆయనకు ప్రయాణం కాదు, గ్లాసులు కడగడం లాంటి పని. ఆ రెండు స్టేషన్ల మధ్య రోడ్డు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు, ఎప్పుడూ పోలేదు. ప్రపంచంలో ఎక్కడికి పోయినా ఎదురుగా ఇంకో బండి వస్తుందని, అది తనను ఇంటికి చేరుస్తుందని ఆయన నమ్మకం.

ఇంతలో చిన్న లైను తీసేసి పెద్ద లైను వేస్తున్నారని కబురొచ్చింది. లైను మారేదాకా బండ్లు ఉండవన్నారు. చివరి బండి పోయే రోజు ఊరంతా స్టేషన్‌కు వచ్చింది. ఇంజన్‌కు బంతిపూల దండలు, టెంకాయలు, హారతి. చర్చి వాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు, ఆడవాళ్ళు పిల్లను అత్తారింటికి పంపినట్టు కళ్ళు తుడుచుకున్నారు. నేనేమో ఇంత జనాన్ని జన్మలో చూడబోమని గొంతు చించుకుని అరిచాను, రోజంతా అయ్యే బేరం ఆ ఒక్క బండికే అయింది. గ్లాసులన్నీ రైల్లోనే. రైలు కూత వేసింది, కదిలింది, మా బావ బుట్ట పట్టుకుని రోజూలాగే చివరి పెట్టె ఎక్కాడు.

బండి మలుపు తిరిగాక గాని ఎవరికీ తట్టలేదు. మా అక్కే ముందు అంది, మెల్లగా, తనలో తను అనుకున్నట్టు:

"ఏందిరా, ఎదురు బండి లేదుగా ఇయ్యాళ."

ఒక్క క్షణం అందరం మొహాలు చూసుకున్నాం, తర్వాత ప్లాట్‌ఫారం ప్లాట్‌ఫారమంతా నవ్వింది. మా అక్క కూడా నవ్వింది. పక్క స్టేషన్లో దిగి తల గోక్కుంటూ నిలబడి ఉంటాడు, ఏ ఎడ్లబండో పట్టుకుని వస్తాడులే అనుకున్నాం.

అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆ స్టేషన్లో నీళ్ళు పోసే ముసలమ్మ చెప్పింది. మా బావ దిగి, గ్లాసులు బుట్టలో సర్దుకుని, రోజూ కూర్చునే చోట కూర్చున్నాడట. ఎదురు బండి ఇక రాదని ఆమె చెబితే, ఔను కదా అని నవ్వాడట. ఆ స్టేషన్ ఊరికి దూరం, రోడ్డుకు ఇంకా దూరం, చుట్టూ నల్లరేగడి చేలు. రోడ్డు మీదికి పోయి బస్సు పట్టుకోమని ఆమె చెప్పిందట. మా బావకు తెలిసిన దారి ఒక్కటే, పట్టాలు. బుట్ట భుజాన పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం, ఆ కంకర మీద పడి నడిచాడు. రోళ్ళు పగిలే ఎండ. పక్కన ఒక్క చెట్టు లేదు. కింద ఇనుము, పైన సూర్యుడు.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. ఇంటికి కాదు, స్టేషన్‌కే వచ్చాడు. ఒక్క గ్లాసు కూడా పగల్లేదు. బుట్ట దించి, రెండో కమాను కింద ఆ చల్లటి రాళ్ళ మీద ఒరిగి, నీళ్ళు అడిగాడు. ఒళ్ళు పెనంలాగా కాలుతోంది, చెమట చుక్క లేదు. తడిగుడ్డలు కప్పాం, మజ్జిగ పట్టాం. మా అక్క తల ఒళ్ళో పెట్టుకుని విసురుతూనే ఉంది. మా ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే సాయంత్రం బండిలో పడుకోబెట్టి తీసుకుపోయేవాళ్ళం, అది అందరికీ అలవాటు. ఆ రోజు సాయంత్రం బండి లేదు. ఉన్న ఒక్క బండినీ పొద్దున దండలు వేసి పంపించాం. జీపు ఒకటి దొరికేసరికి ఆలస్యమైంది. నరసరావుపేట ఆసుపత్రికని బయల్దేరితే పిడుగురాళ్ళ దాటకముందే అయిపోయింది.

దీని మీద నేను ఇంతవరకూ ఒక్క జోకు కూడా వెయ్యలేదు. నాకు చేతకానిది అదొక్కటే.

పెద్ద లైను పడింది, బండ్లు మళ్ళీ వచ్చాయి, మొదటి బండి వచ్చిన రోజే మా అక్క కుంపటి తెచ్చి రెండో కమాను కింద పెట్టింది. వద్దే, ఆ చోట ఎట్లా కూర్చుంటావే అని మా అమ్మ ఏడిస్తే, ఆయన వచ్చింది అక్కడికేగా, ఇంకెక్కడ కూర్చోను అందట. అప్పటినుంచి ఆ కమాను ఆమె ఇల్లు. నేను అరిచాను, ఆమె కాచింది. జుట్టు నెరిసింది, పళ్ళు రాలాయి, నా గొంతు బొంగురుపోయింది, బండ్లలో జనం టీ మానేసి సీసాల్లో ఏవేవో తాగడం మొదలుపెట్టారు, అయినా ఆమె చోటు మారలేదు. నేను పోయేదాకా ఇక్కడే కూర్చుంటానురా, ఇంకేం అక్కర్లేదు అనేది. ఆమె ఎవరినీ ఇంకేమీ అడగలేదు కూడా.

అట్లాంటి స్టేషన్‌ను బాగుచేస్తామని, పాత వైభవం చెక్కుచెదరకుండా కొత్త హంగులు తెస్తామని ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో మా ఊళ్ళో లేని కార్లు, మా ఊళ్ళో పెరగని చెట్లు, మా ఊళ్ళో పుట్టని మనుషులు ఉన్నారు. మాకూ సంతోషమే. తర్వాత పెంకులు దించారు, టేకు దూలాలు లారీల్లో పోయాయి, ఒకరోజు మిషను తెచ్చి కమానులు పడగొట్టారు. మొదటిది ఒక్క దెబ్బకు పడింది, రెండోది పడలేదు, మూడు నాలుగు సార్లు కొట్టాల్సి వచ్చింది. మా అక్క రోడ్డవతల నిలబడి చూసింది. ఆ రాళ్ళు ట్రాక్టర్లలో పోయి ఎక్కడో గుంత పూడ్చాయి. వాటి జాగాలో సిమెంటు గోడ లేపి, రాయిలాగా కనబడే పలచటి బిళ్ళలు అంటించి, కమాను ఆకారాలు గీశారు. పాత వైభవమంటే అదేనట.

పని జరుగుతుండగా నేను ఆఫీసులన్నీ తిరిగాను. చదువులేనోడి దగ్గర కాగితం ఉండదు, నోరే ఉంటుంది. కంట్రాక్టరు మనుషుల దగ్గరికి పోయి నవ్వించాను, స్టేషన్‌లో నవ్వించాను, పై ఆఫీసుకు పోయి అక్కడా నవ్వించాను. ఒక సారు నా మాటలకు పడీపడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, పక్క గదిలో వాళ్ళను కూడా పిలిచి మళ్ళీ చెప్పించుకున్నాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, చప్పటి టీ. మా అక్కకు ఒక మూల చోటిస్తే చాలు సారూ అంటే, చూద్దాం పెద్దాయనా, తప్పకుండా చూద్దాం అన్నాడు. నవ్విన మనిషి కాదనడని నా నమ్మకం. ఇంటికొచ్చి, చోటు ఖాయమే అక్కా అని చెప్పాను. ఆ రాత్రి ఆమె కుంపటికి కొత్త మట్టి అలికింది.

తెరిచే రోజు మా అక్క ఉతికిన చీర కట్టుకుని, టీ క్యాను తళతళలాడేట్టు తోమి తీసుకొచ్చింది. లోపల ఉపన్యాసాలు నడుస్తున్నాయి, చచ్చిన స్టేషన్‌కు ప్రాణం పోశామని ఒకాయన మైకులో చెబుతున్నాడు. గేటు దగ్గర కుర్రాడు ఆపాడు. వాడి తప్పేం లేదు, మర్యాదగానే చెప్పాడు, లోపల స్టాలు టెండరులో వేరేవాళ్ళకు పోయిందమ్మా, మీరు బయట అన్నాడు. మా అక్క నా వంక చూసింది. వెనక్కి తిరిగి, ప్రహరీ గోడ పక్కన క్యాను దించుకుని, ఎండలో కూర్చుంది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది, పైన ఒక ప్లాస్టిక్ పట్టా కట్టాను, గాలొస్తే లేస్తుంది.

నేను అప్పుడప్పుడూ టికెట్టు కొనుక్కుని లోపలికి పోయి తిరిగొస్తుంటాను. బాగుంది, అబద్ధం చెప్పను. అద్దం లాంటి నేల, లిఫ్టు, రంగురంగుల దీపాలు. రేకుల కప్పు కింద మాత్రం మధ్యాహ్నం నిలబడలేం. బెంచీలకు మధ్య మధ్యలో ఇనప చేతులు పెట్టారు, ఎవరూ నడుం వాల్చకుండా. నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి లేపుతారు. మా పెదనాన్న లాంటి వాళ్ళు ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నారో తెలియదు. నా ఈడు వాళ్ళకే ఈ బాధ తెలుస్తుంది: మన కాలంలో కట్టడం పాతబడేది గాని మనిషి పాతబడేవాడు కాదు, రైలెక్కనివాడికి కూడా స్టేషన్లో నీడ ఉండేది, ఆ చల్లటి రాళ్ళ మీద పడుకున్న ఎవడికైనా ఇది మన స్టేషన్ అనిపించేది. ఇప్పుడు స్టేషన్ బతికింది, మన స్టేషన్ పోయింది.

ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం గోడ పక్కన కూర్చుని మా అక్కకు చదివి వినిపించాను. క్యాను మీద చెయ్యి వేసుకుని చివరిదాకా విన్నది, కళ్ళు తుడుచుకుంటుందేమోనని చూశాను, తుడుచుకోలేదు.

"మన స్టేషన్, మన స్టేషన్ అని బాగానే రాసుకున్నావు," అంది. "మనదే అయితే నువ్వు పోయి వాళ్ళను నవ్వించే పనేముందిరా?"