తిట్టందే పెట్టని పచ్చవెన్న

గోపేశ్వర్ చౌబే తిట్టందే పెట్టడు. మథురలో చౌబే బ్రాహ్మల వాడలో ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ప్రతి సోమవారం మధ్యాహ్నం ఆయన తన అరుగు మీద కూర్చుని భంగు వెన్నతో చేసిన బర్ఫీ పంచుతాడు. ఊరికే పంచుతాడు, పైసా పుచ్చుకోడు. కానీ ముక్క చేతిలో పడే ముందు చెవులకి చిల్లులు పడాలి. యమున అవతలి ఒడ్డున దుర్వాస మహర్షి గుడి ఉంది. ఆ మహర్షి శపించేసి తన దారిన తాను పోయేవాడు. గోపేశ్వర్ అలా వదలడు. ఎందుకు శపించాడో నిలబెట్టి మరీ వివరిస్తాడు.

ఆయన తిట్లు అందరికంటే ఎక్కువ తిన్నది కోడలు త్రివేణి. మైన్‌పురి నుంచి ఆ ఇంటికి కాపరానికి వచ్చి నాలుగేళ్ళయింది. మామగారి ముందు కొంగు గడ్డం దాకా లాక్కోవాలి, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. అది అక్కడి మర్యాద. ఈ మర్యాద కనిపెట్టినవాడెవడో గానీ వాడికి ఒళ్ళు మండే అవసరం ఎన్నడూ వచ్చి ఉండదు. త్రివేణికి రోజుకి పదిసార్లు వచ్చేది. అందుకని ఆమె బదులు గిన్నెలు మాట్లాడేవి. పాలు పలచగా ఉన్నాయని మామగారు తిడితే ఇత్తడి చెంబు ఠంగుమనేది. రొట్టె మాడిందని తిడితే పెనం కింద పడేది. ఆమె మొగుడు జగన్ ఇద్దరి మధ్యా గోడకేసి చూస్తూ అన్నం తినడం నేర్చుకున్నాడు. ఆ గోడలో ఏముందో అతనికి తెలిసినంత బాగా, పెళ్ళాం మనసులో ఏముందో తెలియదు.

గోపేశ్వర్ వెన్న తీసే పనికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. సర్కారు అనుమతి ఉన్న దుకాణం నుంచి తెచ్చిన భంగు ఆకుని ఏడు నీళ్ళలో కడిగేవాడు. గేదెపాలలో వేసి, సన్నటి సెగ మీద కాచి, వడగట్టి తోడు పెట్టేవాడు. మర్నాడు కవ్వం పట్టుకుని చిలికితే చిలకపచ్చ రంగులో వెన్న తేలేది. ఆ వెన్న కాచి కోవాలో కలిపి బర్ఫీ పోసేవాడు. ఇంత పనిలోనూ నోరు ఆగేది కాదు. పొయ్యిని తిట్టేవాడు, గేదెని తిట్టేవాడు, ఆ గేదెని అమ్మినవాడి తాతని తిట్టేవాడు. కవ్వం మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ఒకసారి త్రివేణి ముట్టుకోబోతే, "నోట్లో నాలుక లేనివాళ్ళు దీన్ని తాకకూడదు" అన్నాడు. ఆ రోజు లోపల మూడు గిన్నెలు సొట్టపోయాయి.

అరుగు దగ్గర బోణీ ఎప్పుడూ ఛక్కన్ పహిల్వాన్‌దే. అతను ఒకప్పుడు కుస్తీ పట్టేవాడు, ఇప్పుడు ఊరి విందుల మీద పడుతున్నాడు.

"చెయ్యి వెనక్కి పెట్టు. నిన్న సేఠ్‌గారి విందులో ఎన్ని లడ్డూలు మింగావు?"

"నలభై, గురూ."

"సిగ్గు లేదూ?"

"ఉంది గురూ. అందుకే ముప్ఫై దగ్గర ఆపుదామనుకున్నా. సేఠ్‌గారు చిన్నబుచ్చుకుంటారని కానిచ్చాను."

ఇలా పావుగంట సాగాక ముక్క చేతిలో పడేది. పడ్డాక అసలు రామాయణం మొదలయ్యేది. భంగు వెన్న నిదానంగా పనిచేస్తుంది. తిన్నవాడు అరగంట చూసి, ఏమీ ఎక్కలేదని రెండోది అడుగుతాడు. ఆ మాట వింటే గోపేశ్వర్ కళ్ళు నిప్పులు కక్కేవి. "అదేమన్నా నీ అత్తారింటి బండా, పిలవగానే గుమ్మంలోకి రావడానికి? కూర్చో" అనేవాడు. అంతటితో ఆగక, ఎవడూ లేచిపోకుండా వచ్చినవాళ్ళందరి చెప్పులూ బుట్టలో వేసి వంటింట్లో గొళ్ళెం పెట్టేవాడు. రెండు గంటలు గడిచాక, కళ్ళలోకి చూసి, ఇంకో విడత తిట్టి, అప్పుడు చెప్పులు తిరిగి ఇచ్చేవాడు. వాడలో పెద్దమనుషులు వట్టి కాళ్ళతో వరసగా కూర్చుని ఉంటే త్రివేణికి అరికాలి మంట నెత్తికెక్కేది. పెట్టేది వేలెడు ముక్క, దానికి ఇంత రాజరికమా అని పళ్ళు కొరికేది.

ఆ ఏడు ఆమెకి ఆడపిల్ల పుట్టింది. పాప మొదటి హోలీకి త్రివేణి తండ్రి హర్‌దేవ్ మైన్‌పురి నుంచి వచ్చాడు. లెక్కల మాస్టరుగా చేసి దిగిపోయిన మెత్తటి మనిషి. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆమె ఇంట మంచినీళ్ళు కూడా ముట్టకూడదు గనక నాలుగేళ్ళుగా గుమ్మంలోనే పలకరించి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు మొదటిసారి ఆ ఇంట చెయ్యి కడుక్కోబోతున్నాడు. వియ్యంకుడి చేతి భంగు బర్ఫీతోనే ఆ భోజనం మొదలవ్వాలి.

హోలీ ముందు రోజు డాబా మీద కూతురికి అసలు సంగతి చెప్పాడు. ఆయన గుండె బాగాలేదు. ఆగ్రా డాక్టరు భంగు వాసన కూడా చూడొద్దన్నాడు.

"అయితే మావయ్యగారికి చెప్పెయ్ నాన్నా."

"ఏమని చెప్పను తల్లీ? చౌబేనయ్యుండి భంగు వద్దననా? నలభైమంది ముందు ఆయన చెయ్యి కాదంటే, రేపట్నుంచి ఈ ఇంట్లో నువ్వు తలెత్తుకోగలవా?"

త్రివేణికి తండ్రి మీద కోపమొచ్చింది, డాక్టరు మీద కోపమొచ్చింది, చౌబేగా పుట్టించిన దేవుడి మీదా కోపమొచ్చింది. కిందికి దిగి జగన్‌ని పట్టుకుని, మీ నాన్నకి మీరు చెప్పండి అంది. అతను గోడకేసి చూశాడు. ఇక ఆమె భంగు మత్తుకి విరుగుడుగా చింతపండు నానబెట్టుకుని, చేసేది లేక తెల్లవారే దాకా పళ్ళు నూరుకుంది.

హోలీ మధ్యాహ్నం అరుగు కిటకిటలాడింది. హర్‌దేవ్ ఎనిమిది మెట్లెక్కి రావాలి. మూడో మెట్టు మీద ఆగి, తలుపు చెక్కడం చాలా బాగుందన్నాడు. ఆరో మెట్టు మీద ఆగి, ఎదురింటి మేకని మెచ్చుకున్నాడు. గోపేశ్వర్ కనుబొమలు ముడిచి చూస్తూనే ఉన్నాడు.

"ఏం బావగారూ, మెట్లు లెక్కపెడుతున్నారా? పిల్లలకి పాఠం చెప్పీ చెప్పీ అదే రోగం పట్టుకుందా?" అని మొదలుపెట్టాడు. వియ్యంకుడి గొడుగుని తిట్టాడు, మైన్‌పురి బస్సుని తిట్టాడు, ఆయన వేసుకున్న కోటుని తిట్టాడు. హర్‌దేవ్ ఒక్కదానికీ జవాబివ్వలేక, చెమట తుడుచుకుంటూ నవ్వాడు. గోపేశ్వర్ విసురుగా లోపలికి వెళ్ళి వేరే పళ్ళెం తెచ్చాడు. అందులో నాలుగు ముక్కలున్నాయి.

"మైన్‌పురి వాళ్ళకి ఒక్కటి ఏ మూలకి? నాలుగూ తినాలి. తినకపోతే నా గడప దిగనివ్వను."

తలుపు వెనక గిన్నె ఏదీ మోగలేదు. త్రివేణి కొంగు వెనక్కి తోసి, అరుగు మీదికి వచ్చి, నలభైమంది మధ్యలో నిలబడింది.

"ఆపండి మావయ్యగారూ. మీరు మనిషేనా? మా నాన్నకి గుండెజబ్బు. నాలుగేళ్ళుగా చూస్తున్నాను, పొయ్యిని తిట్టారు, గేదెని తిట్టారు, నన్ను తిట్టారు, పడ్డాను. పెట్టేది చిటికెడు, దానికి ఊరందరి చెప్పులూ దాస్తారు. ఇప్పుడు మా నాన్న ప్రాణం కూడా ఆ బుట్టలో పెట్టుకుంటారా?"

ఛక్కన్ నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. జగన్‌కి చూడ్డానికి గోడ దొరకలేదు. గోపేశ్వర్ కోడలి మొహం చూడటం అదే మొదటిసారి.

"అయిందా?" అన్నాడు.

"కాలేదు" అంది త్రివేణి. మాడని రొట్టెని మాడిందన్న రోజు దగ్గర్నుంచి వరసగా అందుకుంది. ఆమె పూర్తి చేసి వెనక్కి తిరిగేసరికి, ఆ గొడవకి కంగారు పడిపోయిన హర్‌దేవ్ నాలుగు ముక్కలూ తినేసి ఉన్నాడు.

త్రివేణి తండ్రికి చింతపండు నీళ్ళు తాగించింది. జగన్‌ని డాక్టరు కోసం తరిమితే, డాక్టరు హోలీకి ఊరెళ్ళాడని తిరిగొచ్చాడు. తండ్రి మతి తప్పుతోందేమోనని త్రివేణి ఆయన్ని ఎక్కాలు అడగడం మొదలెట్టింది.

"పందొమ్మిది పదమూళ్ళు?"

"రెండువందల నలభై ఏడు."

"పందొమ్మిది పదిహేడ్లు?"

"మూడువందల ఇరవై మూడు. తల్లీ, ఆకలేస్తోంది."

పక్కనుంచి ఛక్కన్, ఎవరూ అడక్కుండానే, నూటపదహారు అన్నాడు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. హర్‌దేవ్ కళ్ళు ఎర్రబడలేదు, మాట తడబడలేదు. పధ్నాలుగు పూరీలు తిని, ఖీరు ఇంకాస్త ఉందా అని అడిగాడు. నాలుగు ముక్కలు తిని ఇంత నిబ్బరంగా కూర్చున్నవాణ్ణి తాము చూడలేదని వాడంతా ముక్కున వేలేసుకుంది. మైన్‌పురి మాస్టరు మామూలు మనిషి కాదన్నారు.

త్రివేణి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. గోపేశ్వర్ చెప్పుల బుట్ట పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు రెండు కుండలున్నాయి. రెంటిలోనూ పచ్చటి వెన్నే ఉంది.

"ఎడం పక్క దాని వాసన చూడు."

చూసింది. పాలకూర వాసన.

"మూడో మెట్టు మీదే నాకు అర్థమైంది. తలుపు చెక్కడం బాగుందన్నాడు మీ నాన్న. నా తలుపుకి చెక్కడం ఎక్కడ ఏడ్చింది? అది చెద."

"తెలిసీ నాలుగు తినమన్నారా?"

"బుద్ధి లేకపోతే సరి. నీలాగా నేనూ బావ గుండె బాగాలేదని నలభైమందికీ చాటమంటావా? ఒక్కటి పెడితే జాలిపడ్డానంటారు. నాలుగు తింటే మొనగాడంటారు. అంటున్నారా లేదా?"

త్రివేణి వంగి కుడి కుండ వాసన కూడా చూసింది. ఆయనే విసుక్కుంటూ చెప్పాడు. తిట్టినప్పుడు తిరగబడినవాడికి కుడి కుండ. తిడితే ఆయాసపడినవాడికి, చెమట పట్టినవాడికి, మాట వెతుక్కునేవాడికి ఎడమ కుండ. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఏ చౌబే నిజం చెప్తాడు గనక? ఛక్కన్‌కి రక్తపోటు వచ్చి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ వాడు తింటున్నది పాలకూరే. పోయిన సోమవారం యమున వెనక్కి పారిందని ఘాట్ మెట్ల మీద ప్రమాణం చేసి చెప్పాడు.

"మరి నన్నెందుకు తిట్టారు? నేనెప్పుడూ ముక్క అడగలేదే."

"నువ్వెప్పుడు తిరగబడతావా అని. నాకు డెబ్భై దాటాయి. ఈ కవ్వం ఎవరికైనా అప్పగించాలి కదా. జగన్‌కి ఇస్తే అడిగినవాడికల్లా రెండేసి ముక్కలు పెట్టి మనుషుల్ని చంపుతాడు. నీకిద్దామంటే నాలుగేళ్ళూ గిన్నెలే మాట్లాడాయి. గిన్నెలకి కవ్వం ఎలా ఇవ్వను?" అని కవ్వం ఆమె చేతిలో పెట్టి, పట్టుకునే తీరు చూసి మళ్ళీ తిట్టాడు.

ఆ తర్వాతి సోమవారం అరుగు మీద త్రివేణి కూర్చుంది. కొంగు నుదుటి దాకానే ఉంది. ఛక్కన్‌ని ఇరవై నిమిషాలు కడిగేసి ఎడమ కుండ ముక్క పెట్టింది. యమునలో స్నానం చేసి గోపేశ్వర్ మెట్లెక్కుతూ వచ్చాడు. అయిదో మెట్టు మీద ఆగి, తలుపుకేసి చూశాడు.

"ఏం చూస్తున్నారు మావయ్యగారూ? చెక్కడమా?"

ఆయన తిట్టబోయాడు గానీ ఊపిరి అందలేదు. త్రివేణి ఆయన్ని ఆ మెట్టు మీదే నిలబెట్టి, ఈ వయసులో చన్నీళ్ళ స్నానమేమిటని, వాడంతా వినేలా చీల్చి చెండాడింది. ఆపైన చెప్పులు విప్పించి బుట్టలో వేసింది. ఎడమ కుండ వెన్నతో చేసిన ముక్క ఒకటి తీసి చేతిలో పెట్టింది.

గోపేశ్వర్ దాన్ని నోట్లో వేసుకుని, కోడలి మొహంలోకి చూస్తూ చాలాసేపు నమిలాడు. తర్వాత వట్టి కాళ్ళతో ఛక్కన్ పక్కన కూర్చుని, రెండు గంటలు బుద్ధిగా గడిపి, పిల్ల చేతిలో పనితనం ఉంది, ఈసారి గట్టిగా ఎక్కిందన్నాడు. ఛక్కన్ తనకి అంతకంటే గట్టిగా ఎక్కిందన్నాడు.