కాదయ్య ఉంగరం

ఆయన అసలు పేరు గది తలుపు మీద ఉంది గాని, దాన్ని చదివిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఊరంతా కాదయ్య అనే అంటారు. మ్యూజియంలో పాత నాణేలు చూసి అసలుదో దొంగదో తేల్చడం ఆయన పని. రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలంటూ ఇరవై ఏళ్ళుగా జనం తెచ్చినవన్నీ భూతద్దం కింద పెట్టి "కాదు" అనడమే. పాపం, ఆయన తప్పేం లేదు, వచ్చినవన్నీ దొంగవే. ఒక్కసారీ పొరపడలేదని పైవాళ్ళు మెచ్చి బంగారపుటుంగరం తొడిగారు. ఇంకేముంది, మనిషికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. భార్య "ఇవాళ మంగళవారమేగా?" అన్నా ముందు "కాదు" అనేసి, తర్వాత క్యాలెండర్ వంక చూసేవాడు.

ఓ రోజు గుండీల కొట్టు ముసలావిడ వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ దాచిన గుండీల డబ్బాలో దొరికిందట, గడ్డం చక్రవర్తి హేడ్రియన్ బొమ్మున్న నాణెం.

"చూసి చెప్పు బాబూ. కాదంటే ఎదురుగా కంసాలి కొట్లో కరిగించి బంగారు పన్ను కట్టించుకుంటా. ముందు పన్ను ఊడిన దగ్గర్నుంచీ నవ్వాలంటే సిగ్గేస్తోంది."

నాణెం కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. అంత నిగనిగ కాదయ్యకు గిట్టదు. అలవాటు కొద్దీ కాగితం మీద పెన్సిల్ రుద్ది దాని అచ్చు తీసుకున్నాడు గాని, నాణేన్ని సరిగ్గా చూడకుండానే "కాదమ్మా" అనేశాడు. ఆవిడ ఉసూరుమంటూ వెళ్ళిపోయింది.

కాగితాన్ని ఫైల్లో పెట్టబోతూ చూస్తే, చక్రవర్తి ముక్కు కొస నుంచి అంచుదాకా సన్నని గీత! అచ్చు కొట్టే దిమ్మ పగిలితే పడే గీత అది. తవ్వకాల్లో దొరికి మ్యూజియం బీరువాలో ఉన్న నాణెం మీదా అదే చోట అదే గీత. ఎవడో దాన్ని చూసి నకలు పోసుంటాడని సర్దిచెప్పుకోబోయాడు. కానీ బీరువాలోని దాని మీద ముద్ర పక్కకి జరిగి పడటంతో అంచు చుట్టూ ఉన్న రాతలో చివరి నాలుగక్షరాలు లేవు. ఈవిడ దాని మీద నాలుగూ ఉన్నాయి. లేని అక్షరాల్ని నకలు పోసేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? రెండూ ఒకే దిమ్మ కింద పుట్టిన అన్నదమ్ములు.

కాదయ్య ఒక్క కాలికే చెప్పు తొడుక్కుని రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తాడు. అక్కడ కంసాలి పట్టకారుతో నాణేన్ని పట్టుకుని, నిప్పుల మీద ఎర్రగా కాలుతున్న, బంగారం కరిగించే మూస దగ్గరికి తెచ్చాడు.

"కాదు! కాదు!" గుమ్మంలోంచే అరిచాడు కాదయ్య.

"తెలిసిందిలే బాబూ, ఇందాకే చెప్పావుగా," అంది ఆవిడ. "దానికింత పరుగెత్తుకు రావాలా! " కంసాలి వైపు తిరిగింది. "నువ్వు మూసలో వెయ్యి నాయనా."

"కాదు... కాదనడం కాదు... అంటే, కాదన్నది కాదు..."

కంసాలి ఇద్దరి వంకా విసుగ్గా చూసి, పట్టకారు వదలబోయాడు.

"ఔను!" ఇరవై ఏళ్ళు వాడని మాట కీచుగా వచ్చింది. "ఔనమ్మా, అసలుదే! నేనే సరిగ్గా చూళ్ళేదు. తప్పు నాది."

ఆవిడ నాణేన్ని లాక్కుని గుప్పిట బిగించింది. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మరి నా పన్నో?"

కాదయ్య వేలి ఉంగరం ఊడబెరికి కంసాలి ముందు పెట్టాడు. "దీన్ని కరిగించండి. ఎప్పుడూ పొరపడనందుకని ఇచ్చారు. దొంగది."

కంసాలి గీటురాయి మీద గీసి చూశాడు. "మేలిమి బంగారమండీ! అసలుదే!"

"కాదు," అన్నాడు కాదయ్య.