శామీర్‌పేట డ్రాప్

శామీర్‌పేటలో ఉన్న తన చెల్లెలింటికి తీసుకెళ్లమని మా అవ్వ ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. ఈ ఆదివారం ఖాయమని మాటిచ్చాను కానీ, పొద్దున లేవగానే బద్ధకమేసింది. ఫోను చూసుకుంటూనే "అవ్వా, ఇయ్యాల శామీర్‌పేట డ్రాప్" అనేసి మళ్లీ ముసుగు తన్ని పడుకున్నాను.

తీరిగ్గా లేచి, స్నానం చేసి బయటికొస్తే అవ్వ గేటు దగ్గర నా బైకు పక్కనే నిలబడి ఉంది. పెళ్లిళ్లకు కట్టే జరీ అంచు చీర కట్టుకుంది. చేతిలో చెల్లెలి కోసం సర్వపిండి డబ్బా.

"ఏందవ్వా, యాడికి?"

"డ్రాప్ అంటివి గదరా. ఇగ నడువు, ఎండెక్కుతాంది."

అప్పుడు వెలిగింది నాకు. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే వాడుక. పాపను కండ్లకోయలో కాలేజీ దగ్గర డ్రాప్ చేస్తాను, మా ఆవిడను మేడ్చల్ డిపో దగ్గర డ్రాప్ చేస్తాను. అవ్వనే ఎప్పుడూ ఎవరూ ఎక్కడా డ్రాప్ చేయలేదు. ఆ మాటకు మానుకోవడమనే అర్థం కూడా ఉందని, ఆ చీర చూశాక చెప్ప బుద్ధి కాలేదు. బండి తీశాను.

అక్కాచెల్లెళ్ల ముచ్చట్లు మధ్యాహ్నం దాటినా తెగలేదు. తిరిగొస్తుంటే వెనక నుంచి అవ్వ అడిగింది. "వచ్చే ఐతారం గూడ డ్రాపేనా?"

"డ్రాపే అవ్వా" అన్నాను.

ప్లాన్ మానుకుంటే ఇక ఏమనాలో మీరే చెప్పండి. 'డ్రాప్' మాత్రం మా అవ్వదైపోయింది.