దసరాకు మెరిసిన బిట్టు

చెప్తే తేలికవుతుందని కాదు. చెప్పకుండా ఇంకో దసరా దాటించలేను. పండగపూట అందరూ పనిముట్లు కడిగి బొట్లు పెడుతుంటే నేను ఏదో సాకుతో బయటికి వెళ్ళిపోతాను. ఎందుకని అడగడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది. ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్నది ఇదీ: నేను ఒకమ్మాయి నోటికాడి కూడు లాగేశాను.

బూర్గంపాడులో ఒక రిపేరు షాపు. నేను టీవీలు, టేపురికార్డర్లు చూసేవాణ్ణి. అప్పుడప్పుడే ఊళ్ళలోకి సెల్‌ఫోన్లు వస్తున్నాయి. వాటి కోసం షాపు సేటు నాగమణిని పెట్టుకున్నాడు. అడవి పక్క గూడెం ఆమెది. ఖమ్మంలో పని నేర్చుకుంది. మహా గడుసుది. టీ ఎవరు తెచ్చినా మొదటి గ్లాసు తనదే.

ఫోను బోర్డు పని సన్నటిది కదా, సేటు కొత్త సోల్డరింగ్ ఐరన్ తెప్పించాడు. దాని కొన, అంటే బిట్టు, మా పాత రాగి బిట్ల లాంటిది కాదు. రాగి మీద ఇనుప పూత ఉంటుంది. దాన్ని గీకకూడదు. తడి స్పాంజికి తుడవాలి, ఆపేముందు కొనకు లెడ్, అదే టంకం వేసే సీసం, పూసి పెట్టాలి. వచ్చిన రోజే నాగమణి నాకు ఇదంతా చెప్పింది. నేను వినలేదా? విన్నాను. కానీ రోజూ పొద్దున్నే ఆకురాయి పట్టి, రాగి ఎర్రగా తేలేదాకా గీకి, వేడి మీద పేస్టులో ముంచి లెడ్ పట్టిస్తే గానీ పని మొదలుపెట్టని చేతులు నావి.

దసరా వచ్చింది. సామాన్లన్నీ తళతళలాడాలన్నాడు సేటు. నాగమణి ముందురోజే ఊరికి పోయింది. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు కిరసనాయిలుతో తుడిచాను. నా బిట్లు గీకాను. ఆ వరసలోనే ఆమె బిట్టూ చేతికొచ్చింది. కొన మీద మసకగా లెడ్ మరక. అమ్మవారి ముందు అట్లా పెడితే బాగోదనిపించింది. గీకాను. ఎర్రగా మెరిసింది. పసుపు కుంకుమ పెట్టాను. నమ్ముతారో లేదో, భక్తితోనే చేశాను. అంతవరకు అది పొరపాటే అనుకుంటాను.

కొన్నాళ్ళు లెడ్ బాగానే పట్టింది. తర్వాత ఇనుప పూత పోయిన కొనను ఏదో తినేసినట్టు గుంట పడింది. వేడి సరిగా అందక నాగమణి గట్టిగా అదిమితే, ఒక గిరాకీ ఫోనులో చార్జింగ్ పిన్ను కింద బోర్డు మీది రాగి గీత లేచిపోయింది. ఆ ఫోను మళ్ళీ బతకలేదు. అతను షాపు ముందు నిలబడి రచ్చ చేశాడు. లెడ్ పూయకుండా ఐరన్ ఆన్‌లో వదిలేసి పండక్కి పోయుంటావని సేటు ఆమెను తిట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. బిట్టును తిప్పి తిప్పి చూసింది. పక్కల మీద సన్నటి గీతలు కనపడ్డాయి. నా బల్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, దీనికి ఆకురాయి పట్టినవా? నిజం చెప్పు, ఏమనను."

"నాకేం ఎరుక? నీ సామాను నేనెందుకు ముడ్తా? నువ్వే మర్శిపోయినవేమో."

"నేను మర్వలే," అంది.

సేటు వింటున్నాడని నాకు తెలుసు. వినాలనే కొంచెం గట్టిగా అన్నానా? భయంతో అన్నానని చాలాకాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కానీ గిరాకీలు గడప ఎక్కుతూనే "మేడం లేదా" అని అడగడం మొదలైనప్పటి నుంచి, నా బల్ల మీది టీవీలకు దుమ్ము పట్టడం మొదలైనప్పటి నుంచి, ఈ పిల్ల పోతే బాగుండునని నాలో ఎక్కడో లేదా? ఉంది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

రేపటి నుంచి రావద్దన్నాడు సేటు. పోయేముందు ఆమె ఆ పాడైన బిట్టుకే లెడ్ పూసి, ఐరన్ ఆపి, స్పాంజి తడిపి పెట్టింది. అలవాటుతో చేసిందో, నాకు చూపించడానికి చేసిందో తెలియదు. నేను తల ఎత్తలేదు.

ఆ ఎండాకాలం బస్సులో పోతుంటే పక్కనే మిరపకాయలు ఏరే కూలీల ట్రాక్టరు వచ్చింది. అందులో నాగమణి. నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. ముఖం తిప్పుకుని పక్కామెతో మాట్లాడుతూ పోయింది. వచ్చే స్టాపులో దిగి వెనక్కి పోవచ్చు. దిగలేదు.

ఆమె కుర్చీలో తర్వాత కూర్చున్నది నేనే. కొత్త బిట్టు తెప్పించారు, ఫోన్ల పని నేర్చుకున్నాను, ఇప్పటికీ అదే నా బతుకు. బిట్టును ఆమె చెప్పినట్టే చూసుకుంటాను. తుడిచిన ప్రతిసారీ ఆమె గుర్తొస్తుంది. వాళ్ళ గూడేనికి దారి తెలుసు. వెళ్తానని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పే రకమని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఎవరికీ చెప్పని మాట మాత్రం ఇక్కడ రాసేస్తున్నాను.

ఆకురాయి పట్టింది నేనే, నాగమణీ. నువ్వు మర్చిపోలేదు.