కొబ్బరిచెట్ల ఐర్లండు

మాస్టారు పోయారన్న కబురు రేవులో బస్తా భుజాన ఉండగా విన్నాను. ఎస్టేటు లారీ తోలే మనిషి కిందనుంచి అరిచి చెప్పాడు. బస్తా దించాను, ఇంకోటి ఎత్తుకున్నాను. కూలివాడికి ఏడవడానికి సెలవెవడిస్తాడు?

రబ్బరు ఎస్టేటు బడిలో ఆయన నాకు అక్షరాలు దిద్దించారు. మిగతా చదువు పాత పత్రికలు పట్టుకుని నేనే నేర్చుకున్నాను. కానీ ఐర్లండు అనే దేశముందనీ, దాన్నీ ఇంగ్లీషువాళ్ళే ఏలారనీ చెప్పింది ఆయనే. పట్నంలో ఆయనకి పాఠాలు చెప్పిన పాదిరిది ఆ దేశమట.

మనవాళ్ళు ఓడెక్కి కూలికొచ్చిన ఈ దేశంలో అవి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దాటి మెతుకు పోకూడదు. నలుగురం చేరాలంటే అనుమతి కావాలి, అదీ దేవుడి నాటకానికైతేనే ఇస్తారు. అందుకని మాస్టారు ఐర్లండు తిరుగుబాటుని భజనమందిరం పెట్టెలోని రాముడి వేషాలతో ఆడించారు. డబ్లిన్ తపాలాఫీసు పట్టుకున్న వీరులకి కిరీటాలు, విల్లంబులు! మీరు నవ్వొచ్చు. వెనక తెర మీద ఆ తపాలాఫీసుని ఆయనే గీశారు, రేకు కప్పుతో, రెండుపక్కలా కొబ్బరిచెట్లతో.

"అక్కడ కొబ్బరిచెట్లుంటాయేటి మాస్టారూ?" అన్నాను.

"నానేటి సూసినానా? నీడ లేకండా మనిసి ఎలా కొట్లాడతాడ్రా?"

చివరి రంగంతోనే గొడవ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ఆ దేశాన్ని రెండుగా కోసి, సగం స్వేచ్ఛ చేతిలో పెట్టారు. ఇది చాలన్నవాళ్ళూ చాలదన్నవాళ్ళూ, నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ఒకరినొకరు కాల్చుకున్నారు. మా నాటకంలో వాళ్ళు రాముడు, లక్ష్మణుడు. ముసలమ్మలు లేచి నిలబడ్డారు. "రాములోరు తమ్ముడి మీద బాణం ఏయడమేటి? కళ్ళు పోతాయి!"

రాముడు మా అన్న. లక్ష్మణుణ్ణి నేను. అన్న గేటు దగ్గర కాపలా పోలీసు. ఒకరోజు పనికి పోతుంటే నా క్యారేజీ మూత తీసి, ఆకలికి దాచుకున్న అన్నం అందరి ముందూ మట్టిలో పారబోశాడు. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకుంది వేషాల్లోనే.

"ఎక్కుపెట్టండి, ఒదలకండి," అనేవారు మాస్టారు. "ఒదిలీసినాక సూడ్డానికేటుంది? నాను తెర దించీదాకా అలాగే ఉండండి." నా కోపాన్ని పట్టుకుని నిలబడడం నేర్పింది ఆ మాటే. అంతకంటే పెద్ద మేలు నాకెవరూ చెయ్యలేదు.

మొన్న ఆదివారం ఆయన జ్ఞాపకంగా నాటకం వేద్దామనుకున్నాం. ఎస్టేటు సంఘం పెద్ద అడ్డుపడ్డాడు.

"మెర్డెకా, అదే సొతంత్రం, వచ్చీసింది గదా. మనకి రాజ్యం వచ్చినాక అన్నదమ్ముల కొట్లాటెందుకు? జెండా ఎగరేసి ఆపీద్దాం."

"పోయినాయన నోరు కూడా మూసీస్తారేటి?" అన్నాను.

"ఎగరకు. మీ అన్న రాడు గదా, నీకు రాముడెక్కడున్నాడ్రా? ఎవుడి మీద ఎక్కుపెడతావు?"

అప్పుడు జనం వెనకనుంచి అన్న వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా పెట్టెలోంచి కిరీటం తీసి పెట్టుకున్నాడు.

చివరి రంగం ఆడాం. ఇద్దరం ఎక్కుపెట్టి నిలబడ్డాం. తెర పడలేదు. తాడు లాగేది ఎప్పుడూ మాస్టారే. ఇంకెవరికీ చెప్పాలని మాకు తోచలేదు. జనం కదల్లేదు.

"సేతులు లాగీస్తన్నాయిరా," అన్నాడు అన్న, పెదవులు కదపకుండా.

"నాకూనూ."

విల్లు ఎవరమూ దించలేదు. మా వెనక గాలికి కొబ్బరిచెట్లూ తపాలాఫీసూ ఊగుతున్నాయి. పక్కన తెర తాడు ఊరికే వేలాడుతోంది. దాని చివర, ఆయన పట్టుకునే చోట, సుద్దముక్క తెలుపు ఇంకా పోలేదు.